మండీవీధిలో ఎడమ చెవుల రహస్యం

"లోకంలో నేరాలు రెండే రకాలు, కుప్పయ్యా! నేను ఛేదించినవి ఒక రకం. నా కంట పడడానికి వణుకుతున్నవి రెండో రకం."

1978 మే నెలలో ఒక సోమవారం ఉదయం, తిరుపతి మండీవీధిలో, కుప్పయ్య కుట్టుమిషను ముందు నిలబడి గోవిందస్వామి ఈ సత్యాన్ని ప్రపంచానికి వెల్లడించాడు. ఆనాటికి మొదటి రకం నేరాల సంఖ్య సున్నా. రెండో రకం సంగతి ఆ నేరాలనే అడగాలి.

కుప్పయ్య బదులు చెప్పలేదు. అతని నోట్లో గుండుసూదులున్నాయి. ఇరవై ఏళ్ల స్నేహం అతనికి నేర్పిన ఆత్మరక్షణ విద్య అది. వీధి మలుపులో గోవిందస్వామి చెప్పుల చప్పుడు వినపడగానే నాలుగు సూదులు పెదవుల మధ్య బిగించుకునేవాడు. నోరు తెరవలేని మనిషిని ఎవరూ అభిప్రాయం అడగరు.

గోవిందస్వామికి వృత్తి లేదు. దాని సంగతి భార్య వసంతమ్మ చూసుకునేది. వీధి చివర ఆమె ఇడ్లీల అంగడి తెల్లవారి ఐదింటికి తెరుచుకుంటే, అతను ఎనిమిదింటికి నిద్ర లేచి, ఆరు ఇడ్లీలను నిశితంగా పరీక్షించి, సత్యాన్వేషణకు బయల్దేరేవాడు. రైల్వేస్టేషను దగ్గర అద్దెకు దొరికే డిటెక్టివు నవలలన్నీ చదివాడు. వాటిలో చాలావాటికి చివరి పేజీలు చిరిగిపోయి ఉండేవి. అందుచేత నేరం ఎలా మొదలవుతుందో అతనికి క్షుణ్ణంగా తెలుసు. ఎలా తేలుతుందో తెలియదు.

కుప్పయ్య అంగడి బోర్డు కింద అతను వేలాడదీసిన అట్టముక్క ఒకటుండేది: "అపరాధ పరిశోధన ఇచ్చట చేయబడును." ఒక రైతు దాన్ని చదివి, ప్యాంటు పొడవు తగ్గించాలంటే ముందు అది కూడా చేయించుకోవాలా అని భయంభయంగా అడిగాడు.

గోవిందస్వామి రెండు భాషలు మాట్లాడేవాడు. ధైర్యంగా ఉన్నప్పుడు నవలల భాష. భయం వేస్తే తిరుపతి భాష. ఆ ఉదయం అతను ధైర్యంగా ఉన్నాడు.

"ఒక అదృశ్య హస్తం ఈ వీధిపై తన కరాళ ఛాయను పరుస్తోంది, మిత్రమా! అటు చూడు."

ఎదురుగా ధనియాల బస్తా మీద ఒక నల్లపిల్లి, న్యాయం గురించి గాని నేరం గురించి గాని చింత లేకుండా, నిద్రపోతోంది.

"దాని ఎడమ చెవి చూడు. కొస లేదు! ఇలాంటివి పదిహేడు లెక్కించాను. పదిహేడింటికీ ఎడమ చెవే. కొస మాత్రమే. గీత గీసి కోసినట్టు కోశాడు. చెయ్యి వణకని హంతకుడు!"

కుప్పయ్య సూదులు తీశాడు. "హంతకుడేందప్పా? అది సావలేదు గదా. గురక పెడతా ఉండాది."

"ఇంకా చావలేదు. ఇందులో అతి భయంకరమైన అంశం అదే."

కుప్పయ్యకు ఆ చెవుల సంగతి పూర్తిగా తెలుసు. మండీవీధిలో బియ్యం, బెల్లం, చింతపండు ఉన్నాయి కాబట్టి ఎలుకలు చేరాయి. ఎలుకలు చేరాయి కాబట్టి పిల్లులు వచ్చాయి. వచ్చిన పిల్లులు, ఎవరి అనుమతీ కోరకుండా, పెరిగాయి. మండీ వర్తకుల సంఘం ప్రెసిడెంటు ఏకాంబరం, అవి ఆరు ఉన్నప్పుడు "సాక్షాత్తూ లక్ష్ములు" అన్నాడు. వాటిలో ఒక లక్ష్మి అతను కూర్చునే పరుపు మీదనే ఐదు పిల్లల్ని ఈని, లెక్క ఇరవై ఆరుకు చేరిన రోజున, "అన్నిట్నీ గోతాల్లో గట్టి తడకు తోలేస్తా" అన్నాడు. తడ ఎందుకంటే అది దాటితే తమిళనాడు. సరిహద్దు దాటిన పాపం తన పద్దులోకి రాదని అతని నమ్మకం.

ఆ పిల్లులకు సాయంత్రం పూట ఇంత సద్దన్నం పెట్టేది మునెమ్మ. చింతపండులో గింజలు తీసే కూలిమనిషి. మొగుడు పోయినప్పటి నుంచి ఏకాంబరం మండీ వసారాలో ఒక మూలే ఆమె ఇల్లు. "నువ్వు మేపబట్టే అవి ఈడ జేరినాయి. పిల్లులు పొయ్యే రోజే నువ్వూ మూట సర్దుకో" అన్నాడు ఏకాంబరం. అతనికి అది కోపంలో అన్న మాట. ఆమెకు అది ఇల్లు.

అప్పుడు రంగప్రవేశం చేసింది చంద్రకాంతమ్మ. రిటైరైన సైన్సు టీచరు. చంద్రగిరి రోడ్డులో తన మామిడితోపులో రేకుల షెడ్డు వేసి, కుంటి కుక్కలకూ గుడ్డి ఆవులకూ ఆశ్రయమిచ్చేది. ఆమె చెప్పినది చాలా సులువైన విషయం. పిల్లుల్ని తరిమేస్తే, ఇక్కడ తిండి ఉన్నంతకాలం, పక్కవీధి పిల్లులు ఆ ఖాళీలోకి వస్తాయి. ఉన్నవాటికే పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి, తిరిగి ఇక్కడే వదిలితే, సంఖ్య పెరగదు, కొత్తవి చొరబడవు, ఎలుకలూ అదుపులో ఉంటాయి. పశువుల డాక్టరొకాయన గురువారాలు తోపుకు వచ్చి ఆ పని చేసిపెడతాడు. ఒకసారి కోసిన పిల్లిని పొరపాటున మళ్ళీ పట్టి మళ్ళీ కోయకుండా, మత్తులో ఉన్నప్పుడే దాని ఎడమ చెవి కొస రవంత కత్తిరించి, ఊదారంగు మందు పూసి పంపుతాడు.

రహస్యమంతా ఇంతే. ఇంతటి విషయం వీధిలో ఎవరికీ తెలియకపోవడానికి కారణం, చంద్రకాంతమ్మ మొదటిరోజు వ్యాను దిగి, నలుగురి ముందు "ఆపరేషన్" అనే మాట వాడడం. రెండేళ్ల క్రితం కుటుంబ నియంత్రణ జీపులు ఊళ్ళ మీద తిరిగిన కాలాన్ని ఎవరూ మరిచిపోలేదు. ఆమె వాక్యం పూర్తయ్యేసరికి వీధిలో మగవాడన్నవాడు లేడు. ఏకాంబరం గోడౌను వెనక తలుపు గుండా కపిలతీర్థం దాకా పోయి ఆగాడని ప్రతీతి. సాయంత్రం మనిషి చేత కబురు పంపాడు: "ఏం జేస్తారో జేసుకోండి. నాకు మాత్రం సెప్పొద్దు. జాతరలోపల ఇరవై ఆరూ అయిపోవాల. ఒక్కటి మిగిలినా అన్నీ లారీ ఎక్కాల్సిందే."

అప్పటి నుంచి ఆ మాట ఎత్తకుండా పని జరుగుతోంది. మునెమ్మ పట్టి ఇస్తుంది; కుప్పయ్య కుట్టిచ్చిన, ఆకుపచ్చ తాడు బిగించిన సంచుల్లో చంద్రకాంతమ్మ తీసుకుపోతుంది. పదిహేడు అయ్యాయి. తొమ్మిది మిగిలాయి. గంగమ్మ జాతర వచ్చే మంగళవారం. దానికి ముందు తడకు పోయే లారీ ఈ గురువారం మధ్యాహ్నం. డాక్టరు వచ్చే ఆఖరి రోజూ ఈ గురువారమే.

ఇదంతా చెప్పడానికి కుప్పయ్యకు అభ్యంతరం లేదు. ఎవరైనా అడగాలి. అడగడమన్నది గోవిందస్వామి తన వృత్తికి తలవంపుగా భావించేవాడు.

"చెవుల సంగతి మునెమ్మనడిగితే సెప్తుంది గదప్పా?" అన్నాడు కుప్పయ్య.

"సాక్షిని నేరుగా అడగడమా? అది పోలీసుల పద్ధతి. నాది మేధా పద్ధతి. ఇదిగో, మండీ వసారాలో దొరికింది." గోవిందస్వామి జేబులోంచి ఒక ఆకుపచ్చ దారప్పోగు తీసి వెలుతురుకు పట్టుకున్నాడు. "కార్వేటినగరం రాజుల కోటలో పాత తెరలకు ఇలాంటి దారమే వాడేవారు. నేరస్థుడు రాజవంశీకుడు. పొడవైనవాడు. ఎడమచేతి వాటం."

"ఆ దారం నాదేనప్పా. సంచులు కుట్టిన దారం. ఇంకా అర్ధ బంతి ఉండాది, సూడు."

గోవిందస్వామి అతని భుజం మీద జాలిగా చెయ్యి వేశాడు. "కనపడిన ప్రతి నేరాన్నీ తన మీద వేసుకోవడం బలహీన మనస్కుల లక్షణం, కుప్పయ్యా. నిన్ను నేను అనుమానించడం లేదు."

కుప్పయ్య మళ్ళీ సూదులు నోట్లో పెట్టుకున్నాడు.

మంగళవారం ఉదయం, వసంతమ్మ అంగడి ముందు, మేధా పద్ధతి ఫలించింది. గోవిందస్వామి నాలుగో ఇడ్లీ పరీక్షలో ఉండగా ఒక గొర్రె వచ్చి అరుగు మీదున్న అరిటాకుల కట్టలో మూతి పెట్టింది. అతను విసనకర్ర ఎత్తాడు.

"ఓయ్, ఓయ్! కొట్టబాక!" అని అరిచింది వసంతమ్మ. "కండ్లు కనపడలేదా? గంగమ్మ మొక్కుబడి గొర్రె అది. చెవి జూడు, కోసిడిసినారు. జాతర దాకా దాని మింద ఎవురూ సెయ్యెత్తకూడదు."

విసనకర్ర గాలిలో ఆగిపోయింది. జాతరకు మొక్కిన గొర్రెకు చెవి కొస కోసి వదిలేస్తారు. దాన్ని ఎవరూ కట్టరు, అమ్మరు, అదిలించరు. ఊళ్ళో పాలు తాగే బిడ్డకు కూడా తెలిసిన ఈ ఆచారం, గోవిందస్వామి మెదడులో పదిహేడు పిల్లుల చెవులతో ఢీకొని, రెంటికీ గాయాలయ్యాయి.

"బలి!" అన్నాడతను. మిగిలిన రెండు ఇడ్లీలు వదిలేసి పరుగెత్తాడు. వసంతమ్మ పెళ్ళయిన పద్దెనిమిదేళ్లలో ఆ దృశ్యం చూడడం అదే మొదటిసారి. ఆమె నిజంగానే భయపడింది.

ఏకాంబరం మండీ ముందు, బెల్లం దిమ్మెల బండి ఎక్కి, అతను తన ఆవిష్కారాన్ని ప్రకటించాడు. "మహాజనులారా! ఈ వీధి పిల్లుల చెవులు కోసిన ముఠా గుట్టు రట్టయింది! పదిహేడు మూగప్రాణులు గంగమ్మకు మొక్కుబడిగా గుర్తించబడ్డాయి! జాతర రోజున ఈ వీధిలో రక్తం ఏరులై పారబోతోంది!"

లారీ కూలీల మేస్త్రి చిన్నబ్బ బస్తా దించి, నోరు తెరిచాడు. "పిల్లుల్నా? అమ్మోరికి పిల్లినెవురిస్తారప్పా? కోడినిస్తారు, గొర్రెనిస్తారు."

"అందుకే కదా దీన్ని క్షుద్రం అన్నాను!"

"నువ్వనలేదు గదప్పా."

"అనబోతున్నాను."

వదంతి అనేది ఎలా ఎదుగుతుందో అధ్యయనం చేయదలచిన వారికి ఆ సాయంత్రం మండీవీధి చక్కని ప్రయోగశాల. పప్పుల అంగడి దగ్గర అది "ఎవరో పిల్లుల్ని అమ్మవారికి మొక్కారు." కిరసనాయిలు బంకు దాకా నడిచేసరికి "మొక్కినవాడు నెత్తురు కక్కుకున్నాడు." వీధి చివరికి చేరి, వసంతమ్మ అంగడిలో కాఫీ తాగి తిరిగి వచ్చేటప్పటికి, మొక్కినవాడు పూర్తిగా మాయమై, "గంగమ్మ తల్లే అర్ధరాత్రి స్వయంగా వచ్చి తన పిల్లులకు గుర్తు పెట్టుకుంది" అయింది. ముఠా సిద్ధాంతం ఇలా చేజారిపోవడం గోవిందస్వామిని బాధించింది. దాన్ని కాపాడుకోవాలంటే ముఠాను పట్టుకోవడమొకటే మార్గం.

బుధవారం పొద్దున మునెమ్మ వచ్చి కుప్పయ్య అంగడి మెట్టు మీద కూలబడింది. చేతిలో ఖాళీ సంచి. మోచేతి దాకా గీరిన గాట్లు.

"ఒక్కటీ సిక్కలేదు, కుప్పయ్యన్నా. ఆ తాసిల్దారుండాడే, వాడే అన్నిట్నీ జెడగొడతాడు."

తాసిల్దారు ఆమె పెట్టిన పేరే. పొలమంత వెడల్పు మొహం ఉన్న గండుపిల్లి. వస్తాడు, అంతా చూస్తాడు, ఉన్నదాంట్లో మంచిది తీసుకుంటాడు, మాట్లాడకుండా పోతాడు.

"అన్నం బెడితే దూరం నుంచి జూసి పోతాడు. వాడెనకాలే మిగిలిన ఎనిమిదీ. రేపు డాక్టరొచ్చే టయానికి ఇయ్యకపోతే, మధ్యాన్నానికి లారీ. పదిహేడుకు చేసిందంతా మట్టే గదన్నా? ఒక్కటి మిగిలినా అన్నీ అన్నాడు గదా ఆయప్ప." సంచి తాడు వేలికి చుట్టుకుంటూ అంది: "నేను యాడైనా పడుంటాను. నాదేముంది. నేను మూలుగుతా పండుకున్న రోజు ఆ పిల్లులే గదా వచ్చి నా కాళ్ళకాడ పండుకునింది."

కుప్పయ్య వీధిలో నలుగురిని సాయం అడిగాడు. చెవి నిండుగా ఉన్న పిల్లిని ముట్టుకుంటే అమ్మవారి పనికి అడ్డు పడినట్టని ఇద్దరన్నారు. చెవి కోసిన పిల్లిని ముట్టుకుంటే నేరుగా చస్తామని మిగిలిన ఇద్దరన్నారు. గోవిందస్వామి పరిశోధన వల్ల అప్పటికి ఒనగూడిన ప్రయోజనం అది.

గురువారం పది గంటలకు చంద్రకాంతమ్మ వ్యాను వచ్చి వసారా పక్కన ఆగింది. ఒకప్పుడు రొట్టెలు మోసిన వ్యాను. దాని వెనక తలుపు గడియ బయటి నుంచే పడుతుంది, బయటి నుంచే ఊడుతుంది. ఆమె, మునెమ్మ, సంచులు పట్టుకొని గోడౌను వెనక సందులోకి ఆఖరి ప్రయత్నానికి వెళ్ళారు.

సరిగ్గా అప్పుడే డిటెక్టివు మారువేషంలో ప్రవేశించాడు.

జాతర వారంలో తిరుపతిలో మారువేషం వేయడానికి మించిన తెలివైన పని లేదు. ఊరంతా వేషాల్లోనే ఉంటుంది. కాకపోతే ఒక్కో రోజుకు ఒక్కో వేషం. బుధవారం బైరాగి వేషం, ఒంటినిండా తెల్లసుద్ద. గురువారం బండవేషం, ఒంటినిండా కుంకుమ, నోటినిండా బూతులు. గోవిందస్వామి ఎంతో ఆలోచించి బైరాగి వేషం వేశాడు. వేసింది గురువారం. ఎర్రటి వీధిలో అతనొక్కడే తెల్లగా, సున్నం వేసిన స్తంభంలా, ఎవరి కంటా పడకుండా నక్కి నక్కి నడుస్తున్నాడు.

"ఏమప్పా గోవిందస్వామీ, నిన్న నిద్ర లేవలేదా?" అని కుంకుమ పూసుకున్నవాడొకడు పలకరించి, పండుగ హక్కు కొద్దీ అతని వంశవృక్షాన్ని కాసేపు కొనియాడి వెళ్ళాడు.

గోవిందస్వామి మిషను పక్కన వంగి గుసగుసలాడాడు. "నన్ను ఎలా గుర్తుపట్టావు, కుప్పయ్యా?"

"నేనింకా పలకరించలేదు గదా."

"మంచిది. విను. నా జోలెలో ఏముందో తెలుసా?"

తెలుసుకోకుండా ఉండడం అసాధ్యం. వీధి సగం ముక్కు మూసుకుంది.

"కరువాడు!" అన్నాడు గర్వంగా. ఎండుచేపల్ని ఆ ప్రాంతంలో అనే మాట అది. "రెండు శేర్లు. పిల్లుల కోసం ముఠా వస్తుంది. చేపల కోసం పిల్లులు వస్తాయి. కనుక చేపల దగ్గర నేనుంటే... కుప్పయ్యా! ఆ వ్యాను!"

అతని చూపు రొట్టెల వ్యాను మీద పడింది. తెరిచి ఉన్న తలుపు, లోపల చీకటి, ఆకుపచ్చ తాళ్ల సంచులు.

"కార్వేటినగరం తాళ్లు!" అని, అతను మూడు గెంతుల్లో వ్యాను ఎక్కి లోపల మాయమయ్యాడు.

ఆ తర్వాత జరిగినదాన్ని కుప్పయ్య మిషను మీద చెయ్యి ఆపి చూశాడు. గోడౌను కప్పు మీద వెడల్పాటి మొహమొకటి లేచింది. తాసిల్దారు గాలిని ఒకసారి వాసన చూశాడు. నెలరోజులుగా మునెమ్మ సద్దన్నాన్నీ, పాలనూ, బతిమాలడాన్నీ తిరస్కరించిన ఆ మహానుభావుడు నింపాదిగా దిగి, వీధి దాటి, వ్యాను ఎక్కాడు. అతని వెనక ఒకటి. దాని వెనక రెండు. చింతపండు బస్తాల చాటు నుంచి నాలుగు. కుప్పయ్య వేళ్ల మీద లెక్కపెట్టుకుంటున్నాడు. ఎనిమిదైంది. లోపల నుంచి "ఛీ! పో! ఇది సాక్ష్యం!" అని నవలల భాష వినిపించింది. తొమ్మిదోది, తోక నలిగిన బూడిదరంగుది, చివర్లో గెంతింది. చెవి తెగిన పదిహేడూ మాత్రం, ఒకసారి ఎక్కి చూసిన ఆ వ్యాను దరిదాపులకు రాలేదు.

లోపల నుంచి కేక వచ్చింది. "ఓయమ్మో! కుప్పయ్యా! పీకతాండాయి రా!"

తిరుపతి భాష. ఇక ఆలస్యం చేయడానికి లేదు. కుప్పయ్య లేచాడు. వ్యాను దాకా నడిచాడు. లోపల ఇరవై ఏళ్ల స్నేహం ఉంది. వసారా మూలలో ఒక చాప, ఒక మూట ఉన్నాయి. ఎన్నాళ్లుగానో కొలతలు తీసి అలవాటైన మనిషి. రెండింటినీ కొలిచాడు. తలుపు మూసి, గడియ వేశాడు.

సందులోంచి ఖాళీ సంచులతో వస్తున్న చంద్రకాంతమ్మతో, "తొమ్మిదీ ఎక్కినాయమ్మా" అన్నాడు. "బిన్నా పొండి, డాక్టరెళ్ళిపోతాడు."

"తొమ్మిదీనా? ఎలా, కుప్పయ్యా?"

"కరువాడు పని జేసిందమ్మా."

ఆమె స్టీరింగు పట్టుకుంటూ చెవి రిక్కించింది. "ఆ అరుపు ఏమిటి? పిల్లి అరుపులా లేదే."

"తాసిల్దారమ్మా," అంది మునెమ్మ, ఏమీ తెలియక. "వాడు మనిషి మాదిరే అరస్తాడు."

వ్యాను వెళ్ళిన గంటకు లారీ వచ్చింది. ఏకాంబరం తువ్వాలు దులుపుతూ మండీ మెట్ల మీద నిలబడ్డాడు. చిన్నబ్బ, అతని కూలీలు గోతాలతో దిగారు. నలుగురూ బండవేషంలో ఉన్నారు. ఒళ్ళంతా కుంకుమ, మెడలో వేపమండలు. వసారాలో మునెమ్మ చుట్టూ పదిహేడు పిల్లులు. ఆమె లేవలేదు. చీర కొంగు కిందకు ఒక పిల్లిని లాక్కుంది, అంతే.

"ఏందిరా సూస్తారు? కట్టండి!" అన్నాడు ఏకాంబరం.

చిన్నబ్బ ఒక అడుగు వేశాడు. అన్ని చెవులనూ చూశాడు. గోతం కింద పడేసి చెంపలు వేసుకున్నాడు. "నా వల్ల గాదు పెసిడెంటయ్యా. వేషం కట్టినోణ్ణి. అమ్మోరు గుర్తు పెట్టుకున్న జీవాల్ని గోతంలో గడితే నా బిడ్డలు బతకతారా? నువ్వే పట్టు, కావాల్నంటే. నేను గోతం బిగించి పట్టుకుంటా."

ఏకాంబరం తన చేతులు చూసుకున్నాడు. అవి వెంటనే వెనక్కి పోయాయి.

ఇక్కడ కుప్పయ్యకు ఒక కష్టం వచ్చిపడింది. అబద్ధం తన పక్షాన గెలుస్తుంటే చూస్తూ ఊరుకోవడం తెలియని జాతి మనుషులు కొందరుంటారు. సంఖ్యలో స్వల్పం, ఉపద్రవంలో ఘనం. అతను లేచి నిలబడ్డాడు.

"అమ్మోరికీ దీనికీ సంబంధం లేదప్పా. చంద్రకాంతమ్మ తోపులో డాక్టరు కత్తెరతో కోసిన గుర్తది. ఆపరేషను అయిన పిల్లి అని తెలిసేదానికి."

మునెమ్మ అతన్ని చంపేలా చూసింది. చిన్నబ్బ మాత్రం మెల్లగా తలూపి కన్ను గీటాడు. "అట్నే చెప్పాలప్పా. రహస్యం గదా."

"రహస్యం గాదురా, నిజం!"

"ఊఁ, ఊఁ. నేనెవురికీ సెప్పను."

ఏకాంబరానికి మాత్రం ఆ వాక్యంలో ఒక్క మాటే వినపడింది. "ఆపరేషనా?" అని జీపు కోసం వీధి రెండు వైపులా చూసి, ఒక మెట్టు వెనక్కి ఎక్కాడు. "సరే, సరే. శనివారం లెక్క జూస్తా. ఇరవై ఆరూ గుర్తుతో కనబడాల. ఒక్క చెవి నిండుగా కనబడిందంటే, లారీ నేనే తోలతా."

మామిడితోపులో జరిగినది కుప్పయ్యకు చంద్రకాంతమ్మ తర్వాత చెప్పింది. వ్యాను తలుపు తెరవగానే తొమ్మిది పిల్లులు తిని, తృప్తిగా, బద్ధకంగా కూర్చొని ఉన్నాయి. పదో ప్రాణి, తెల్లసుద్ద, చేప పొలుసు, నెత్తురు కలిసిన రంగులో, మూల ఒదిగి ఉంది. తన జోలె కోసం తాసిల్దారుతో జరిగిన ముఖాముఖి పోరాటంలో డిటెక్టివు ఎడమ చెవి కొస రవంత పోయింది. డాక్టరు మనుషులకు వైద్యం చేయనన్నాడు. ఆ తర్వాత జాలిపడి, వేలాడుతున్న చర్మాన్ని అలవాటైన చేత్తో నీటుగా కత్తిరించి, అలవాటైన ఊదామందే పూశాడు. కదలకుండా రెండు రోజులు ఉండమన్నాడు. గోవిందస్వామి ఆ రెండు రోజులూ షెడ్డులోనే పడుకొని, కళ్లెదుటే తొమ్మిది ఆపరేషన్లు చూసి, తాను కేసు ఛేదించానని గ్రహించాడు.

శనివారం ఉదయం వ్యాను తిరిగి వచ్చింది. తొమ్మిది పిల్లులూ దిగి, ఏమీ జరగనట్టు బస్తాల మీదికి సర్దుకున్నాయి. తాసిల్దారు వీధినంతా ఒకసారి తనిఖీ చేసి, ధనియాల బస్తా మీది నల్లపిల్లిని లేపి తాను పడుకున్నాడు. చివరగా గోవిందస్వామి దిగాడు. తలకు తువ్వాలు పాగా చుట్టుకొని, నేరుగా బెల్లం బండి ఎక్కాడు. అంగడి వదిలి వసంతమ్మ పరుగున వచ్చింది. వీధి గుమిగూడింది.

"మహాజనులారా! ఈ గోవిందస్వామి శత్రుశిబిరంలో చొరబడి, ప్రాణాలొడ్డి, సత్యాన్ని బయటికి లాగాడు! ఈ గుర్తు గంగమ్మది కాదు. కార్వేటినగరం రాజులదీ కాదు. ఇది శాస్త్రీయమైన గుర్తు!"

కుప్పయ్య నివ్వెరపోయాడు. ఇరవై ఏళ్లలో మొదటిసారి ఆ నోటి నుంచి నిజం వస్తోంది. అంతకంటే వింత, జనం నమ్ముతున్నారు. తాను చెబితే కన్నుగీటిన చిన్నబ్బ బండి పక్కన నోరు తెరుచుకొని నిలబడి ఉన్నాడు. సత్యానికి ఆధారం చాలదు, బెల్లం బండి కూడా కావాలని కుప్పయ్యకు అర్థమైంది.

"ఆపరేషన్ అంటే భయపడకండి!" జనంలో మగవాళ్లు వెనక్కి జరగడం చూసి గోవిందస్వామి చేతులెత్తాడు. "అది పిల్లులకే! నేను నా కళ్లతో చూశాను! ఇకపై ఈ వీధిలో పిల్లికూనలు పుట్టవు. ఏది అయింది, ఏది కాలేదు అని మీకు సందేహమా? జ్ఞాపకం పెట్టుకోండి, ఇదే ఈ కేసుకు తాళంచెవి: ఎడమ చెవి కొస తెగి, ఊదామందు పూసి ఉన్న ఏ ప్రాణికైనా సరే, ఆపరేషన్ అయిపోయినట్టే! ఇక దానికి జన్మలో పిల్లలు పుట్టరు! ఇందులో మినహాయింపు లేదు!"

ఆవేశంలో అతను తల విదిలించాడు. పాగా జారి భుజం మీద పడింది.

ఎడమ చెవి ఎండలో ఊదారంగుగా మెరిసింది. కొస లేదు. గీత గీసి కోసినట్టుంది.

మొదట తేరుకున్నది వసంతమ్మ. కొంగు బుగ్గన పెట్టుకొని, మూడు అడుగులు ముందుకొచ్చి, ఆ చెవిని అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఓయబ్బా! రెండేండ్ల ముందు జీపొస్తే మూడు దినాలు అటక దిగలేదే నువ్వు! ఇప్పుడు పిల్లుల్లో పిల్లిగా పొయ్యి చేయించుకొనొచ్చినావా? నాకొక మాటన్నా సెప్పాలని లేదా?"

"లేదు మే! ఇది అది గాదు!" గోవిందస్వామి గొంతు ఒక్కసారిగా తిరుపతికి వచ్చేసింది. "ఇది పిల్లి కొరికింది! ఒట్టు! కుప్పయ్యా, నువ్వు సెప్పప్పా! నన్ను యాలా దించలేదు, తలుపేసేటప్పుడు?"

కుప్పయ్య తన నోటి వైపు వేలు చూపించాడు. పెదవుల మధ్య నాలుగు గుండుసూదులున్నాయి.

ఏకాంబరం జనం నవ్వుల్లోంచి దారి చేసుకుంటూ వసారా దగ్గరకు వచ్చాడు. మాటంటే మాటే. వంగి, బస్తా బస్తా చూస్తూ, చెవి చెవి లెక్కపెట్టాడు. తాసిల్దారు దగ్గర ఆగి, గౌరవంగా దూరం నుంచే చూశాడు. నడుము పట్టుకొని నిటారుగా లేచాడు.

"ఇరవై ఆరు. సరిపోయింది మునెమ్మా. నీ మూల నీదే. పడుండు."

మునెమ్మ చాప దులిపి మళ్ళీ పరుచుకుంది. దాని మీద కూర్చొని, బండి మీద చెవి మూసుకొని నిలబడ్డ మనిషిని ఒకసారి, పిల్లుల్ని ఒకసారి చూసింది.

"ఇరవై ఏడు సామీ," అంది.